తాడు జారుతున్న చోట ఆగిన కథ

దర్జీ పిన్ని చదువుకునే పిల్లల్ని కత్తెర చూపించి తరిమేసిందని వీధంతా చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. చూపించింది కొలతల టేపు. అదీ ఎందుకో వినండి.

బడివాళ్ళు ఓ పద్ధతి పెట్టారు. పిల్లలు పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి ఎవరో ఒక పెద్దవాళ్ళకి పైకి చదివి వినిపించాలి. పుస్తకం పూర్తయ్యాక విన్నవాళ్ళు ఆ పిల్లల అట్టముక్క మీద ఒక గుర్తు పెట్టాలి. ఎక్కువ గుర్తులున్నవాళ్ళకి బహుమతి. ఇళ్ళలో వినే తీరిక ఎవరికుంది? పిన్నికి కాళ్ళూ చేతులూ మిషను మీద ఉన్నా చెవులు ఖాళీయే. పిల్లలంతా ఆమె చుట్టూ మూగారు. చదువు రాని పిన్ని మొదట దర్జీ సుద్దతో గీత గీసింది. బడికెళ్ళేలోపు అది కాస్తా చెరిగిపోయింది. అప్పుడు ఎర్రదారంతో అట్ట మీద ఒక కుట్టు వేయడం మొదలుపెట్టింది.

అక్కడిదాకా బాగానే ఉంది. పిల్లలు గడుగ్గాయిలు కదా, లావు పుస్తకానికీ ఒకటే కుట్టు, సన్నదానికీ ఒకటే కుట్టు అని కనిపెట్టేశారు. అన్నిటికన్నా సన్నది కోడిపిల్లకి గొడుగు దొరికిన పుస్తకం. ఇంకేముంది, వచ్చినవాడల్లా అదే చదవడం. ఆ గొడుగు గోలలో పిన్ని ఒకరి చొక్కాకి కుడిచెయ్యి ఎడమవైపు కుట్టేసింది.

పళ్ళూడిన పిల్ల ఒక్కతే లావు పుస్తకం తెచ్చింది. తుఫానులో పడవ, తమ్ముడు నీళ్ళలో, అక్క చేతిలో తాడు జారిపోతోంది. అక్కడ టప్పున పుస్తకం మూసేసింది.

"తర్వాతేమైందే?"

"ఇదెప్పటికి అవుతుంది పిన్నీ? ఈలోగా వాళ్ళు పది కోడిపిల్లల్ని చదివేస్తారు."

"ఒసేయ్, పిల్లాణ్ణి నీళ్ళలో వదిలేసి పోతావా?"

"వాడు రేపటికీ అక్కడే ఉంటాడులే."

"వాడుంటాడే, నేనుండొద్దూ!"

మర్నాడు మళ్ళీ కోడిపిల్లే. పిన్నికి ఒళ్ళు మండిపోయింది. టేపు తీసి పుస్తకం మందం కొలిచింది. "ఇది నా టేపుకే అందడం లేదురా! లావు పుస్తకంలో ఒక పేజీ చదివితేనే కుట్టు. లేదంటే ఎవరిళ్ళకి వాళ్ళు పోండి!" అంది. పోయారు. పోయి ఊరుకోక, కత్తెర కథ అల్లారు.

టీచరమ్మ వచ్చింది. "పిల్లలు భయపడుతున్నారు పిన్నీ. ఏదో ఒకటి చదవనివ్వండి."

"కుట్టు కోసం చదవడమేంటమ్మా? జేబు కుట్టి దాని నోరూ కుట్టేసినట్టు. లోపలికేం పోతుంది?"

టీచరమ్మకి నవ్వొచ్చింది. "పోనీ, ఆ తమ్ముడి సంగతి నేను చెప్పేదా?"

పిన్ని రెండు చెవులూ మూసేసుకుంది. "చెప్పావంటే నీ జాకెట్టు ఈ జన్మలో ఇవ్వను! వరసలో రావాలి."

టీచరమ్మ లావు పుస్తకాన్ని మిషను మీదే వదిలి వెళ్ళింది. కుట్లకి ఆశపడే పిల్లలు ఇప్పుడు పక్కవీధి మంగలి దగ్గర కోడిపిల్లని చదువుతున్నారు. పళ్ళూడిన పిల్ల బుద్ధి పుడితే వస్తుంది, లేకపోతే లేదు. పిన్ని మాత్రం పేజీలో గుడ్డపీలిక పెట్టుకుని, గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు తలెత్తుతోంది.

ఆ వైపు వెళ్తే ఒకసారి తొంగిచూడండి. ఎలా ఉందో కనుక్కోండి. వీలైతే ఒక పేజీ చదివిపెట్టండి. చివర మీకు తెలిసినా నోరు జారకండి. కోడిపిల్ల మాట అసలే ఎత్తకండి.