గట్టయ్య కాక కర్ర దెబ్బలు

గట్టయ్య కాక దేన్నీ కర్రతో కొట్టి చూడనిదే నమ్మడు. ముప్పై ఏళ్లు బొగ్గుగనిలో సర్దార్‌గా చేశాడు. కార్మికులకంటే ముందు లోపలికెళ్లి పైకప్పును కర్రతో కొట్టడం, ఖంగుమంటే "పోండ్రి", డొల్లగా మోగితే "ఆగుండ్రి" అనడం ఆయన డ్యూటీ. ఆయన రిటైరయ్యాడు గానీ కర్ర కాలేదు. గోదావరిఖనిలో షేర్ ఆటో ఎక్కితే టాపు మీద కొడతాడు. పెళ్లికి పోతే వధూవరుల కంటే ముందు పందిరి గుంజల్ని పలకరిస్తాడు.

అందరికంటే ఎక్కువ ఒళ్లు మండేది పక్క క్వార్టర్ దీపకు. భర్త సంపత్ ఫస్ట్ షిఫ్టుకు పోగానే ఆమె తలుపు మీద మూడు దెబ్బలు పడేవి.

"కాకా! ఇది తలుపా, బొగ్గుబాయా? ఇరగ్గొడ్తవా ఏంది?"

"ఏం లేదు బిడ్డా" అని వెళ్లిపోయేవాడు. రోజూ ఇదే భాగోతం.

2009 ఎండాకాలం మొదట్లో దీపకు ఒక కన్ను మసకబారింది, కాళ్లు తిమ్మిరెక్కాయి. కాకే పట్టుబట్టి మొగుడూపెళ్లాలిద్దర్నీ దవాఖానకు లాక్కుపోయాడు. అక్కడి డాక్టరు తలకు సీటీ స్కాన్ తీయించి, "ఏమీ లేదు. ఇంటిపని తప్పించుకునే నాటకం" అని నవ్వాడు. తిమ్మిరెక్కిన కాళ్లే అయినా దీపకు అరికాలి మంట నెత్తికెక్కింది. బిందెడు నీళ్లు మోయలేక ఏడుస్తున్న మనిషిది నాటకమా!

ఆమె నోరు తెరిచేలోపే కాక బల్ల మీద కర్రతో ఒక్కటిచ్చాడు.

"సారూ, పైకి మంచిగ కనబడ్డ కప్పే కూలి నా దోస్తు పోయిండు. కండ్లకు కనబడకుంటే లేనట్టేనా? ఇంకా లోపలికి చూసే మిషిన్ ఉంటే దానికి రాసియ్యి!"

పీడ వదిలితే చాలని డాక్టరు హైదరాబాద్‌లో ఎమ్మారైకి రాసిచ్చాడు.

అక్కడ మరో రభస. కర్రకు ఇనుప పొన్ను ఉంది, మిషన్‌లోని అయస్కాంతం లాగేస్తుందని కాకను తలుపు దగ్గరే ఆపేశారు. గొణుక్కుంటూ బయట కూర్చున్నాడు. లోపల టకటక, దడదడ మొదలయ్యేసరికి ముఖం విప్పారింది.

"ఇన్నవా సంపత్! ఇది సుత కొట్టే చూస్తది. పని తెలిసిన మిషిన్!"

రంగుమందు ఎక్కించి తీసిన ఫొటోల్లో మెదడులో, వెన్నుపాములో తెల్లమచ్చలు బయటపడ్డాయి. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి నరాల మీది పొరకు వాపు తెస్తోందట. ఆలస్యమైతే చూపూ నడకా పోయేవని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఐదు రోజులు మందెక్కిస్తే దీప లేచి నడిచింది.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ అడిగింది. "వచ్చినప్పుడు నీ మాట కూడా తడబడుతోంది. అదెప్పుడు మొదలైంది?"

దీపకు తెలియదు. సంపత్‌కూ తెలియదు.

"ఉగాదికి ముందు సోమవారం" అన్నాడు కాక.

"నీకెట్ల తెలుసు?" అంది దీప.

కాక తల గోక్కున్నాడు. "నిరుడు నువ్వు వాకిట్ల తూలి పడ్డనాడు ఇంట్ల ఎవ్వరు లేకుండె గద బిడ్డా. అప్పటిసంది తలుపు కొడుతున్న. నీ తిట్టు ఖంగుమంటే ఫికర్ లేదని పోతుంటి. ఆ దినం డొల్లగ ఇనబడ్డది. అందుకే దవాఖానకు గుంజుకపోయిన."

దీప నడుం మీద చేతులు పెట్టుకుంది. మొదలుపెట్టాక ఇక ఆగలేదు.

"గా ముచ్చట నోరు తెరిచి చెప్పొద్దా కాకా? ఏడాదిసంది పొద్దుగాల్నే నాతోటి పాపపు తిట్లు తిట్టిస్తవా? నీకు బుద్ధున్నదా?"

వార్డంతా తిరిగి చూసింది. కాక కళ్లు మూసుకుని, చెవి ఒగ్గి, ఒక్క తిట్టూ వదలకుండా విన్నాడు.

"ఫికర్ లేదు సంపత్" అన్నాడు. "ఇంటికి తోల్కపో."