డ్రైవరు పక్క సీటు

విశాఖపట్నంలో దిగేసరికి వాన. జులై మొదటి వారం. స్టేషన్ బయట సైనిక లారీ నిలబడి ఉంది. నా సామాను ఒక నల్ల ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట. పోర్టులో దిగే సైనిక సామానుకు కాపలా కాయడం మా పని. పన్నెండు మందిమి. రేకుల షెడ్డులో బస. కిటికీ తెరిస్తే బొగ్గు పొడి, మూస్తే ఉక్క. ఉతికిన బనీను ఆరేలోగా బూడిద రంగుకు తిరిగేది. పదహారేళ్లు ఎడారిలో, మంచులో తిరిగాక చివరి పోస్టింగు మా ఊరికి గంటన్నర దూరంలో పడింది. అదృష్టవంతుడివన్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను.

దళంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. కూరగాయల బేరం దగ్గర్నుంచి పోర్టు కూలీలతో తగువు దాకా దుబాసీ పని నాదే. మా సుబేదారు గఢ్వాల్ కొండలవాడు. సముద్రం అంటే చిరాకు. ఒకేచోట నిలబడి కాపలా కాస్తే కాళ్లకు తుప్పు పడుతుందని ఆయన నమ్మకం. అందుకే ఆగస్టులో ఒక ఆదివారం కొండ నడక పెట్టాడు. అనంతగిరి ఘాట్ రోడ్డు మీద లారీ దిగాలి. గెడ్డ, అంటే కొండవాగు, దాటి, పై గట్టు ఎక్కి, చీకటి పడకముందే లారీ దగ్గరికి తిరిగి రావాలి. ఎనిమిది మందిమి. వీపున బరువు సంచులు, ఒంటి మీద రెయిన్‌కోట్లు. ఒక తాడు, ఒక మందుల పెట్టె. రెండు వైర్‌లెస్ సెట్లలో ఒకటి నా దగ్గర, రెండోది లారీ డ్రైవరు దగ్గర.

"వాన తగ్గాక వెళ్దాం సాబ్" అన్నాడు మందులు చూసే హవల్దారు.

"వాన నిన్ను అడిగి వస్తోందా?" అన్నాడు సుబేదారు. ఆయనతో వాదించడం దండగ.

శృంగవరపుకోట దాటాక వాన చిక్కబడింది. పట్టపగలే లారీకి లైట్లు వేయాల్సి వచ్చింది. ఘాట్ మీద ఒక మలుపులో ఆటో బోల్తా పడి ఉంది. లోయ అంచున ఒక రాయి ఆపింది గానీ, లేకపోతే కిందికే. రోడ్డు మీద ముగ్గురు. ఒక ముసలామెకు నుదురు చిట్లింది. ఆవిడ కొడుక్కి కాలు విరిగింది. ఆటో డ్రైవరుకు మోచేతులు గీరుకుపోయాయి, అంతే.

మా పద్ధతి మాకుంది. ముందు రెండువైపులా బండ్లు ఆపాలి. తర్వాత నెత్తురు ఆపాలి. తర్వాత మనుషుల్ని లెక్కపెట్టాలి. సుబేదారు నావైపు తిరిగి, "ఎంతమంది ఎక్కారో అడుగు" అన్నాడు.

"బండిలో ఎంతమందున్నారు?" అని అడిగాను.

"ముగ్గురమే బాబూ. ఈళ్లిద్దరు, నాను. అందరం బయటికొచ్చీసాం" అన్నాడు ఆటో డ్రైవరు.

ముసలామె వైపు వంగాను. "అమ్మా, మీతో ఇంకెవరైనా వచ్చారా?"

"నానూ, నా కొడుకూనే నాయినా. ముందు ఆడి కాలు సూడు. నాకేటీ అవలేదు."

వెనక ఇద్దరు, ముందు డ్రైవరు. అదే సుబేదారుకు చెప్పాను. ఆయన అంచుకు వెళ్లి లోయలోకి తొంగిచూశాడు. పొగమంచు. కింద కాఫీ మొక్కలు. ఆకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఎందుకో ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు. మేమంతా ఆయన వెనకే నిలబడ్డాం. అప్పుడు, లెక్క సరిపోయిందని ఈల వేశాడు.

అంబులెన్సు వచ్చి తల్లినీ కొడుకునీ తీసుకెళ్లేసరికి రెండు గంటలు పోయాయి. పోలీసుల కోసం ఆటో డ్రైవరు ఆగాడు. తోడుగా మా లారీ, లారీ డ్రైవరు అక్కడే ఉన్నారు. పదకొండింటికి అక్కడి నుంచే నడక మొదలుపెట్టాం. సుబేదారు మమ్మల్ని దాదాపు పరుగెత్తించాడు.

గెడ్డలో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. ఎర్రగా, పుల్లలూ ఆకులూ మోసుకొస్తున్నాయి. తాడు పట్టుకుని దాటాం. "తిరిగొచ్చేసరికి ఇది ఇలా ఉండదు" అన్నాడు హవల్దారు.

అవతల ఒడ్డెక్కి ఆగాం. ఆగిన ప్రతిచోటా వరసలో ఒక్కొక్కడూ తన అంకె అరవాలి. అది మాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. నా వంతు వచ్చింది. "ఐదు" అన్నాను. అనగానే ఉదయం ఆటో దగ్గర నేను చెప్పిన లెక్క గుర్తొచ్చింది.

మా వైపు ఏ ఆటోవాడు ఇద్దరితో ఘాట్ దిగుతాడు? డ్రైవరు సీటు మా వైపు డ్రైవరుది మాత్రమే కాదు. అటొకడు, ఇటొకడు, సగం పిర్ర సీటు మీద, సగం గాలిలో. నేను కాలేజీకి వెళ్లిందంతా ఆ సీటు మీదే. గఢ్వాలీ సుబేదారుకు అది ఎలా తెలుస్తుంది? తెలియాల్సింది నాకు. పైగా ముసలామెను నేనడిగింది "మీతో" అని. దారిలో ఎక్కి ముందు కూర్చున్నవాడు ఆవిడతో వచ్చినవాడు ఎలా అవుతాడు? ఆవిడ నిజమే చెప్పింది.

సెట్ తీశాను. ఆటో డ్రైవరును పిలవమని లారీ డ్రైవరుతో అన్నాను. గరగర మధ్య అతని గొంతు వచ్చింది.

"నీ పక్కన ఎవడు కూకున్నాడు?" అని అడిగాను. ఇన్నేళ్ల తర్వాత మా ఊరి యాస నా నోట దానంతట అదే వచ్చింది.

"ఎవుళ్లూ లేరు బాబూ."

"నాను ఈ పక్కోణ్ణే. నాకు సెప్పకు. ఎవడున్నాడు?"

సెట్ చెవికి నొక్కి పట్టుకున్నాను.

"ఒకడు ఎక్కాడండి. దారిలో సెయ్యెత్తితే ఎక్కించుకున్నాను. దూకీసి ఎల్లిపోనాడనుకున్నాను. ఎక్కువమందిని ఎక్కించానని కేసు రాస్తారని సెప్పలేదు బాబూ. నానేటి సేత్తాను..."

సుబేదారుకు చెప్పాను. ఆయన ఒక్క తిట్టు తిట్టాడు. అది ఎవరినో నేను అడగలేదు. "వెనక్కి" అన్నాడు.

గెడ్డ నడుం దాకా వచ్చేసింది. తాడు కట్టడానికే చాలాసేపు పట్టింది. మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని హవల్దారు దాటుతుంటే దుంగ ఒకటి వచ్చి తగిలింది. ఇద్దరం పట్టుకోబట్టి నిలిచాడు. ఈలోగా లారీ డ్రైవరు సెట్‌లో పిలుస్తున్నాడు.

"అంచు దగ్గర నిలబడి అరుస్తున్నాను. జవాబు లేదు."

"దిగి చూడు."

"కొంత దిగాను. జారుతోంది. తాడు మీ దగ్గరే ఉంది."

మాకున్న తాడు అదొక్కటే. మేం పరుగెత్తాం. బతికుంటే చాలు, బతికుంటే చాలు అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. దేవుణ్ణి అంతగా ఎప్పుడూ అడగలేదు, మంచులో కూరుకుపోయిన రోజు కూడా.

మేం ఉదయం నిలబడిన చోటు నుంచే తాడు వేశాం. ముందు సుబేదారు, వెనక నేను, ఆ వెనక హవల్దారు. ఎంతో దూరం దిగలేదు. ఒక ఇంటి డాబా ఎత్తు ఉంటుందేమో. కాఫీ మొక్కల మధ్య వెల్లకిలా ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి. దవడ చితికిపోయింది. అరవడానికి అతనికి నోరు లేదు.

హవల్దారు మెడ మీద వేళ్లు పెట్టాడు. తీసి మళ్లీ పెట్టాడు. "ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది" అన్నాడు. మందుల పెట్టె తెరవకుండా పక్కన పెట్టేశాడు.

పైకెక్కాక నేను ఆటో డ్రైవరు కాలరు పట్టుకున్నాను. "నాను సంపలేదు బాబూ, నాను సంపలేదు" అని ఏడ్చాడు. సుబేదారు నన్ను లాగేశాడు. "వాడు అబద్ధం చెప్పాడు. మనం నమ్మాం. ఇద్దరికీ తొందరే" అన్నాడు. తిరుగు దారిలో, విశాఖపట్నం చేరాక, ట్రాఫిక్‌లో చాలాసేపు ఆగిపోయాం. ఇంజిను చప్పుడు వింటూ కూర్చున్నాం.

మరుసటి ఏడు రిటైరై ఇంటికొచ్చాను. ఇప్పుడు మధురవాడలో ఒక అపార్ట్‌మెంటుకు సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. అక్కడివాళ్లు కాఫీ తాగుతూ సరిహద్దు కబుర్లు అడుగుతారు. చెబుతాను. శత్రువు గురించి, మంచు గురించి ఎంతైనా చెబుతాను. ఈ కొండ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

కాఫీ మొక్కల మధ్య మేం చూసేసరికి అతని కుడిచెయ్యి పైకి లేచి ఉంది. మెడలోని ఎర్ర తువ్వాలు తీసి, ఎడంచేత్తో మణికట్టును కాఫీ కొమ్మకు కట్టుకున్నాడు. స్పృహ తప్పినా చెయ్యి కిందికి పడకూడదని. ముడి తడిసి బిగుసుకుపోయి, చాకుతో కొయ్యాల్సి వచ్చింది. మా మాటలు, సుబేదారు ఈల, మా బూట్ల చప్పుడు, అన్నీ వినిపించేంత దగ్గర. ఆ చప్పుడు దూరమయ్యాకే, మళ్లీ ఎవరైనా వస్తారని, అతను ఆ చెయ్యి కట్టుకుని ఉంటాడు. అరచెయ్యి రోడ్డు వైపు తెరిచి ఉంది.