గెలాక్సీకి పైవైపు ఏది?

నా ఉద్యోగం పర్మినెంటు కావడానికి ఒక గెలాక్సీని తలకిందులు చేయాల్సి వచ్చింది. చేసింది నేను కాదు, మా బడి చప్రాసి. కానీ దగ్గరుండి చూసి, చేతులు కట్టుకుని, "థాంక్యూ సార్" అన్నది మాత్రం నేనే.

డెబ్భైల మొదట్లో మాట. ఇవాళ అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పుడు గుండ్రాళ్లు, సీతాఫలం పొదలు ఉండేవి. నానక్‌రామ్‌గూడ దాటి ఇంకా లోపలికి పోతే ఒక ఊరు; పేరు చెప్పను, ఆ బడి వాళ్లకు కోపం రావచ్చు. మా ఆయన బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను ఆ ఊరి హైస్కూల్లో సైన్సు టీచర్ని, అదీ తాత్కాలికం. మూడేళ్లుగా నన్ను ఎండాకాలం తీసేసి, వానాకాలం మళ్లీ వేసేవారు. మా కృష్ణా జిల్లాలో పొలం పనులకు కూలీలను పిలిచే పద్ధతి ఇంచుమించు ఇదే.

ఆ ఏడు తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు గారు నా పాఠం విని నాలుగు మంచి ముక్కలు రాస్తే పర్మినెంటు, రాయకపోతే ఇంటికే. హెడ్మాస్టరు గారు మంచివారే, కాకపోతే భయస్థుడు. వారం ముందు నుంచే నాకు బోధ మొదలుపెట్టారు.

"టీచరమ్మా, ఆయన ఏమన్నా సరే, 'అవును సార్' అను. గంతే. ఎదురు మాట్లాడితే నువ్వు పరేషాన్, నేను పరేషాన్."

మనిషి చంద్రుడి మీద దిగి ఎన్నో ఏళ్లు కాలేదు. పై అధికారులందరికీ ఆకాశం మీద మోజు పుట్టింది. అందుకని పదో తరగతికి గెలాక్సీలు, వాటి రకాలు చెప్పమన్నారు. బడిలో దూరదర్శిని కాదు కదా, పగలని భూతద్దం కూడా లేదు. చుట్టి పెట్టుకునే పాత నల్లబోర్డు గుడ్డ ఒకటి దొరికితే దాని మీద తెల్ల రంగుతో నేనే ఒక పెద్ద గెలాక్సీ బొమ్మ వేశాను. పైనా కిందా రెండు కర్రలు, రెండింటికీ తాళ్లు: ఒకటి వేలాడదీయడానికి, ఇంకొకటి చుట్టి కట్టడానికి.

తనిఖీకి ముందే పిల్లలకు అంతా చెప్పాను. కోటానుకోట్ల నక్షత్రాలు, వాయువు, ధూళి ఒకదాన్నొకటి లాగుకుంటూ ఒక్క కుటుంబంలా ఉంటే అది గెలాక్సీ. మనది పాలపుంత. గుండ్రాళ్ల మధ్య నిలబడితే గుట్ట ఆకారం తెలియనట్టే, లోపల ఉన్నాం కాబట్టి మనకది ఒక తెల్లని చారలాగే కనిపిస్తుంది. బొమ్మ చూపించి, ఇది సర్పిలాకార గెలాక్సీ అన్నాను. ముందు బెంచీ అమ్మాయి ఒకతె వెంటనే, "సకినం లెక్క ఉంది టీచర్" అంది. మా వైపు జంతికలే తప్ప సకినాలు తెలియవు. మరునాడు ఆ అమ్మాయి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. సకినానికి పిండి పోగు ఒకటే, గెలాక్సీకి ఎదురెదురుగా బయలుదేరిన రెండు చేతులు అని చెప్పి, దాన్ని తినేశాను. ఆ చేతుల్లోనే కొత్త నక్షత్రాలు పుడతాయి. కొన్నింటికి నడుమ ఒక కడ్డీ ఉండి, దాని కొసల నుంచి చేతులు సాగుతాయి.

రెండో రకం గుడ్డు ఆకారంలో ఉంటుంది, దీర్ఘవృత్తాకార గెలాక్సీ. అందులో దాదాపు అన్నీ ముసలి నక్షత్రాలే. కొత్తవి పుట్టడానికి సరుకు మిగలలేదు, ఉన్నవే నడిమధ్య చుట్టూ తిరుగుతుంటాయి. ఈ మాట చెబుతుంటే నాకు మా విద్యాశాఖ ఆఫీసే కళ్ల ముందు కదిలింది. మూడో రకానికి ఒక ఆకారమంటూ లేదు. దానికి ఉదాహరణ పిల్లలే చెప్పారు: మా బడి కప్పు.

చివరికి అసలు మాట చెప్పాను. ఆకాశంలో పైనా కిందా లేవు, అవి మన కాళ్లకు నేల తగులుతోంది కాబట్టి మనం పెట్టుకున్న పేర్లు. ఆ మాట చెప్పినప్పుడు సకినం తెచ్చిన అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. ఆ వారమంతా నాకు భలే గర్వంగా ఉండింది.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. కుర్చీలో కూర్చుని, బొమ్మను ఒక కన్ను మూసి చూశారు.

"ఏమండీ, ఈ పటం తలకిందులుగా వేలాడుతోంది!"

నేను నోరు తెరిచాను. వెనక నిలబడ్డ హెడ్మాస్టరు గారు నా వైపు చూసిన చూపుకు మళ్లీ మూసుకున్నాను. చప్రాసి పరుగున వచ్చి, పటం దించి, కిందికర్ర పైకి పెట్టి తగిలించాడు. ఎదురెదురుగా రెండు చేతులున్న సర్పిలం కదా; సగం చుట్టు తిప్పితే ఒక చేతి చోటికి ఇంకో చేయి వస్తుంది, అంతే. ముందు ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది.

ఇన్‌స్పెక్టరు గారు వెనక్కి వాలారు. "ఆఁ, ఇప్పుడు సరిగ్గా ఉంది. ఎంత తేడా వచ్చిందో చూడండి!"

"అవును సార్. థాంక్యూ సార్" అన్నాను.

ముందు బెంచీ అమ్మాయి లేచి నిలబడింది. "టీచర్, ఆడ పైన కింద ఉండవని మీరే చెప్పిన్రు గద. మరి ఇప్పుడు ఏం సక్కగైంది?"

"కూర్చో!" అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించేంత గట్టిగా. ఆ అమ్మాయి కూర్చుంది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. జీతం కోసం సూర్యుణ్ణి కూడా పడమట ఉదయింపజేసేదాన్నేమో ఆ పూట.

ఇన్‌స్పెక్టరు గారు తృప్తిగా లేచి, ఇదే పాఠం మీద పరీక్ష పెట్టి జవాబు కాగితాలు తనకు పంపమన్నారు. అవి చూశాకే నా సంగతి రాస్తారట. పెట్టాను. అందరూ మూడు రకాలూ చక్కగా రాశారు. ఆ అమ్మాయి కూడా రాసింది, చివర ఇంకో రెండు వాక్యాలు చేర్చింది: "గెలాక్సీకి పైన, కింద ఉండవు. ఇన్‌స్పెక్టర్ సార్ వచ్చినప్పుడు ఉంటాయి."

హెడ్మాస్టరు గారు అది చదివి తల పట్టుకున్నారు. "అమ్మో! గీ ఒక్క కాగితం జర పక్కకు పెట్టు. ఆ పిల్ల ఆ దినం రాలేదని రాస్త. నీ నౌకరి ఫికర్ నీకు లేదా ఏంది?"

ఎందుకు లేదు? ఆ సంధ్య వేళ మా ఆయన అన్నం వడ్డించమంటే మజ్జిగ ముందు వడ్డించాను, అంత ఉంది. కానీ ఒకసారి కూర్చోబెట్టిన పిల్లను, మళ్లీ అసలు లేనే లేదని రాయించడం నా వల్ల కాలేదు. నూటికి నూరు వేసి, ఆ కాగితాన్ని కట్టలో అందరికంటే పైన పెట్టాను. కట్టకు పైనా కిందా అట్టలు పెట్టి, మా ఫ్యాక్టరీ ఫిట్టరు గారు నేర్పిన ముడి ఒకటి వేసి, పురికొసతో బిగించి పంపాను. తర్వాత నెలరోజులు పోస్టు జవాను సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, పాఠం మధ్యలో ఆపి కిటికీ దగ్గరికి వెళ్లేదాన్ని.

కట్ట తిరిగొచ్చింది. పైన ఒక ఉత్తరం: "జవాబు పత్రములన్నియు క్షుణ్ణముగా పరిశీలించితిమి. బోధన తృప్తికరము. పర్మినెంటు చేయవచ్చును." హెడ్మాస్టరు గారు దేవుడికి దండం పెట్టుకున్నారు. నేను కట్ట వైపు చూశాను. పురికొస నాదే. ముడీ నేను వేసిందే, ఎవరూ వేలు పెట్టలేదు.

సంతోషించాల్సింది పోయి ఒళ్లు మండింది. ముడి విప్పి, అట్ట పక్కన పెట్టి, పైకాగితం తీసి, తరగతిలోకి వెళ్లి ఆ అమ్మాయికి ఇచ్చాను. ఆమె నూరు మార్కుల వైపు కాదు, నా మొహం వైపు చూసింది.

"ఇన్‌స్పెక్టర్ సార్ చూసిండా టీచర్?"

పర్మినెంటు ఉత్తరం నా చేతిలోనే ఉంది. "క్షుణ్ణముగా" అన్న మాట మీద నా బొటనవేలు ఉంది.

"లేదమ్మా, చూడలేదు" అన్నాను. "ఆ రోజు పటంలో సక్కగైంది కూడా ఏమీ లేదు."