వేలి మీద ఊదేవాడు

పగలు అందరూ రాయదుర్గం ఆఫీసులకు పోయాక, మా లింగంపల్లి అపార్ట్‌మెంటులో మిగిలే ముసలివాళ్లకు షుగర్ పరీక్ష చేసేవాడతను. సూది గుచ్చి, అమ్మలా వేలి మీద ఊదేవాడు. తన ఊళ్లో ముగ్గురు ఒంటరి వృద్ధులను చంపి వచ్చాడని తరవాత తెలిసింది.

అతన్ని పట్టించింది నేనేనని కాలనీ అంతా చాటుకున్నాను. ఉత్తిదే. పోలీసులే వెతుక్కుంటూ వచ్చి, పై అంతస్తు టీచరమ్మ గుమ్మంలో పట్టుకున్నారు. ఆ కేకలకు నేను మంచం కింద దూరాను.

ముందురోజు అతను నన్ను, "ఒక్కరే ఉంటరా సార్?" అని అడిగాడు.

"మా అబ్బాయి ఎస్సై, లోపల పడుకున్నాడు" అని కోతలు కోశాను. నాకు పెళ్లే కాలేదు.

"మరి ఒంటరిగ ఎవరుంటరు? జర చూసుకుంట."

టీచరమ్మ ఫ్లాటు చూపించాను.

నిజం చెప్పేద్దామని నిన్న వెళ్లాను. "ప్రాణదాతగారూ, రండి, కూర్చోండి" అంటూ ఆవిడ పెసరట్టు వేశారు. రెండు తిని వచ్చేశాను.