కాలువగట్టు మీద ఆమె అన్న మాట

గత నెల మా మావయ్య చనిపోయాడు. రోజూలాగే మిరియాలు వేసి కాచిన వేణ్ణీళ్లు తీసుకుని ముందుగదిలోకి వెళ్లి పిలిచాను, పలకలేదు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో కబురు పెడితే దండం పెడుతున్న చేతుల బొమ్మలు వరసగా వచ్చాయి. మధ్యాహ్నానికి ఎవరి పిల్లాడిదో పుట్టినరోజు వచ్చి వాటిని పైకి తోసేసింది.

మీకు ఆయన తెలియదు. కానీ యాభై దాటినవాళ్లయితే ఆయన గొంతు వినే ఉంటారు. సినిమా హాల్లో అసలు సినిమాకు ముందు నలుపు తెలుపులో ఒక ప్రభుత్వ డాక్యుమెంటరీ వేసేవారు, గుర్తుందా? ఆనకట్టలు, రైలు వంతెనలు, వరినాట్లు, పలకలు పట్టుకున్న బడిపిల్లలు. వాటి వెనక గంభీరంగా ఒక మగగొంతు మన దేశం గురించి మనకు చెప్పేది. తెలుగులో వచ్చినవాటిలో చాలావాటికి ఆ గొంతు మా మావయ్యదే. రోలుగుంటలో చెరకు పండించుకునే ఇంట్లో పుట్టి, చదువుకుని, యలమంచిలి స్టేషన్లో రేకుపెట్టెతో రైలెక్కి బొంబాయి వెళ్లి ఆ ఉద్యోగంలో చేరాడు. ఆ చిత్రాలు ముందు ఇంగ్లీషులో తయారయ్యేవట. తర్వాత ఒక్కో భాషకూ ఒక్కో మనిషి గాజు గదిలో కూర్చుని చదివేవాడు.

మన దేశం ఎంత పెద్దదో, అందులో ఎవరెవరున్నారో, వాళ్లంతా ఎంత సంతోషంగా ఉన్నారో నాకు మొదట చెప్పింది ఆ గొంతే. మంచుకొండలు నేను చూడలేదు, ఆయనా చూడలేదు. అయినా ఆయన "మన మంచుకొండలు" అంటే నాకు వాటిమీద హక్కున్నట్టే అనిపించేది.

నర్సీపట్నంలో హాలుకు వచ్చినవాళ్లు ఆ డాక్యుమెంటరీ అయ్యేదాకా బయట వేయించిన బఠాణీలు తింటూ నిలబడేవారు. మేం మాత్రం దానికోసమే పెందలాడే బయల్దేరేవాళ్లం. కొడుకు గొంతు మొదలవగానే అమ్మమ్మ చెంగు సర్దుకుని, తెరమీంచి వాడు తనని చూస్తున్నట్టు నిటారుగా కూర్చునేది. అది అయిపోగానే లేచేది.

"పదండే. మావోడిది అయిపోనాది, ఇంకేటున్నాది?"

సినిమా చూస్తామని మేం ఏడ్చి గోల చేస్తే గానీ మళ్లీ కూర్చునేది కాదు. ఒకసారి ఇంటికొస్తూ అడిగాను, అది నిజంగా మావయ్యేనా అని. అమ్మమ్మ కాస్త దూరం నడిచాక చెప్పింది: "గొంతుక ఆడిదేనే. మాటే ఆడిది కాదు."

మావయ్య పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక నర్సీపట్నం వచ్చి నా దగ్గరే ఉన్నాడు. ఆయనతో వేగడం అంత తేలికేం కాదు. నేను ఏ కబురు చెబుతున్నా చేతిగడియారం చూసుకుని, "ఇందులో ఆరు సెకన్లు తీసెయ్యొచ్చే" అనేవాడు. "వాన పడుతోంది మావయ్యా" అంటే, "బొమ్మలో కనిపించేదాన్ని మళ్లీ మాటలో చెప్పకూడదు" అనేవాడు. ఐసు నీళ్లు ముట్టేవాడు కాదు. ఫోన్ మోగితే గొంతు సవరించుకుని గానీ ఎత్తేవాడు కాదు, అవతల గ్యాసు బండ కుర్రాడైనా సరే.

ఒకరోజు కూరగాయలావిడ ఆయన్ని, "బాబుగారిది బెజవాడ వైపాండీ?" అని అడిగింది. రోలుగుంట అంటే ఆవిడ నమ్మలేదు. "ఊరుకోండి బాబూ, మా వైపోలు ఇలగ మాటాడతారేటి?" అని నవ్వింది. ఇంటికొచ్చి రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. తర్వాత నాతో పనిగట్టుకుని "ఏటే", "సూడే" అనడం మొదలుపెట్టాడు. వేషం కట్టినట్టుండేది. నేను పకపకా నవ్వేదాన్ని. నవ్వడానికి నాకేం హక్కుందో తెలియదు. నేను టీచర్ని. "ఏటి కాదురా, ఏమిటి అనాలి" అని ముప్ఫై ఏళ్లు పిల్లల నోళ్లు దిద్దాను. అలా దిద్దినప్పుడల్లా ఆ పిల్లలు అసలు చెప్పబోయింది మర్చిపోయి నిలబడేవాళ్లు. అది నేను పట్టించుకోలేదు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం ఫోన్లో ఏదో చూస్తుంటే ఒక పాత ప్రభుత్వ డాక్యుమెంటరీ కనిపించింది. మన వైపు కొత్తగా తవ్విన సాగునీటి కాలువ మీద తీసింది. గొంతు మావయ్యదే. సంబరపడిపోయి ఆయనకి చూపించాను. మొదట ముసిముసిగా నవ్వుతూ చూశాడు. నాలుగో నిమిషంలో కాలువగట్టు మీద ఒకావిడ కనిపించింది. చంకలో ఏడాది పాప ఉంది. కెమెరాకేసి చూస్తూ మాట్లాడుతోంది. ఆవిడ మాటల మీద మావయ్య గొంతు: "కాలువ వచ్చాక మా బతుకులు మారాయి. ఇప్పుడు మాకు ఏ లోటూ లేదు."

మావయ్య ఫోన్ లాక్కుని బోర్లా పెట్టేశాడు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు తనే చెప్పాడు.

రికార్డింగుకు ముందు ఒకసారి అసలు శబ్దంతో బొమ్మ వేసి చూపిస్తారట. అప్పటికి ఆయన ఊరి మొహం చూసి నాలుగేళ్లయింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే ఉన్నట్టుండి చెవుల్లో మన యాస.

"ఒళ్లు ఝల్లుమందే. అచ్చం మా అమ్మ మాట్లాడినట్టే ఉంది. పక్కనున్న తమిళాయన్ని, బెంగాలీ ఆయన్ని పిలిచి, మా ఊరి మాట వినండని హెడ్‌ఫోన్లు వాళ్ల చెవులకి పెట్టాను. కళ్లంట నీళ్లొచ్చేశాయి. ఆవిడ ఎలా మాట్లాడుతోందో విన్నాను. ఏం మాట్లాడుతోందో వినలేదు."

తర్వాత ఎర్ర లైటు వెలిగింది. ఎదురుగా కాగితం. ఆవిడ తెలుగును ఎవరో ఇంగ్లీషు చేశారు, ఆ ఇంగ్లీషును ఇంకెవరో తెలుగు చేశారు. తెలుగావిడకి తెలుగు డబ్బింగు, అదీ మగగొంతుతో. సగం చదివాక తలెత్తి తెర చూశాడు. ఏ లోటూ లేదని ఇక్కడ ఆయన చదువుతుంటే, అక్కడ ఆవిడ ముఖంలో నవ్వన్నదే లేదు. చెయ్యి వెనక్కి చాపి గట్టు కింద ఏదో చూపిస్తోంది. చివర్న కెమెరా వెనకున్న మనిషిని ఏదో అడిగింది. అంతకుముందు విన్నప్పుడు అక్కడ ఆవిడ గొంతు పైకి లేచిందని ఆయనకి గుర్తుంది. మాట గుర్తులేదు. కాగితం చివరిదాకా చదివేశాడు. మర్నాడు వెళ్లి అసలు టేపు అడిగితే, దానిమీద అప్పటికే ఇంకోటి రికార్డు చేసేశామన్నారు.

అది విన్నాక నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరిమీదో చెప్పమంటే చెప్పలేను. ఆ హాల్లో ముందు వరసలో కూర్చుని నేను నేర్చుకున్న దేశంలో ఇంకెంతమంది పెదవులు అలా ఊరికే కదిలాయో!

ఆ బొమ్మని మా బళ్లో వంట చేసే ఆమెకి చూపించాను. అది రోలుగుంట రోడ్డు వైపు కాలువ అని చెప్పింది. గట్టు మీద ఆవిడ తమ ఊరి మనిషేనని, పోయి చాలా ఏళ్లయిందని, కూతురు మాత్రం బలిఘట్టంలో ఉందని కూడా చెప్పింది. మావయ్య ఆ రోజే వెళ్దామన్నాడు. ఆటోలో వెళ్లాం.

ఆ కూతురు జీడిపిక్కలు కొట్టే షెడ్డు నుంచి అప్పుడే వచ్చింది. వేళ్లు పిక్కల జీడికి నల్లబడిపోయి ఉన్నాయి. ఇంట్లో తల్లి ఫోటో ఒక్కటీ లేదు. ఫోన్ చేతికిచ్చాను.

"ఓలమ్మో, మాయమ్మే! ఇది మాయమ్మే! సంకలోది నానేనండి!"

ఏడుస్తూ నవ్వుతూ తెర మీద వేలుపెట్టి తల్లి ముఖం తడిమింది. కాసేపటికి నవ్వు ఆగింది.

"ఈ మగగొంతెవుడిదమ్మా? మాయమ్మ గొంతుక ఇనబడదేటి?"

"నాదేనమ్మా," అన్నాడు మావయ్య.

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "మరి మాయమ్మ ఏటంతన్నాది బాబూ?"

"తెలీదమ్మా."

"మీరు ఇన్లేదా?"

"విన్నాను."

"మరేటి?"

మాట గుర్తులేదని ఒప్పుకున్నాడు మావయ్య. ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మెల్లగా చెప్పింది: "ఆ గట్టు కిందే మా బూమి ఉండేదంట బాబూ. కాలవలో పోనాదంట. మాయమ్మ దాని మాటే ఎత్తీది కాదు. అడిగితే నోరు మూసీసుకునీది. బతికున్నన్నాలూ ఎవుల్తోనూ అన్లేదు. ఆ ఒక్కపాలే అన్నాదేమో. కూసింత గుర్తు సేసుకోండి. గుర్తొత్తే బేగి కబురెట్టండి."

కబురు కోసం ఆమె ఆగలేదు. నర్సీపట్నం సంతకొచ్చినప్పుడల్లా మా గుమ్మం దగ్గర నిలబడి, "గుర్తొచ్చినాదా బాబూ?" అని అడిగేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. మావయ్య లేదన్నట్టు తలాడిస్తే వెళ్లిపోయేది. ఆయన రోజంతా ఫోన్ ముందేసుకుని, సౌండు తీసేసి, ఆ నాలుగో నిమిషమే చూసేవాడు. ఆవిడ పెదవుల్నిబట్టి పదాలు కాగితం మీద రాసేవాడు, కొట్టేసేవాడు. విచిత్రమేంటంటే తను చదివిన ఆ అబద్ధం మాత్రం ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది. నిద్రలో కూడా ఏ లోటూ లేదు, ఏ లోటూ లేదు అని కలవరించేవాడు.

చూడలేక ఒకరోజు చెప్పాను. "ఏదో ఒకటి చెప్పేయ్ మావయ్యా. మా భూమి పోయింది, మాకేం ఇస్తారు అని అడిగిందను. అదే అడిగుంటుంది. ఆ పిల్ల మనసు కుదుటపడుతుంది."

మావయ్య నాకేసి చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను.

"ఒకపాలి సెప్పీసినాను కదే ఆవిడ బదులు. మల్లీ నన్నే సెప్పమంతావేటి?"

ఆ మాటలో వేషం లేదు. అన్నేళ్లలో ఆయన నోటి నుంచి అచ్చంగా అమ్మమ్మ మాట రావడం అదొక్కసారే విన్నాను. నాకు నవ్వు రాలేదు. దాన్ని రికార్డు చేసుకోవాలన్న ఆలోచనా రాలేదు. ఇప్పుడు వెతికితే ఇంటర్నెట్టు నిండా ఆయన గొంతే. ఆ గొంతు ఆనకట్టల గురించి చెబుతుంది, గోధుమల గురించి చెబుతుంది. నన్ను "ఒసే" అని పిలిచిన మావయ్య మాత్రం ఎక్కడా లేడు.

మావయ్య పోయిన పదో రోజున ఆ బలిఘట్టం ఆమె వచ్చింది. మొదటిసారి గడప దాటి లోపలికొచ్చి, ఆయన ఫోటోకి దండం పెట్టి, నా పక్కన కూర్చుంది. ఏం అడుగుతుందో నాకు తెలుసు. అందుకని నేనొక వాక్యం సిద్ధం చేసి పెట్టుకున్నాను. టీచర్ని, వాక్యాలు కట్టడం వచ్చు. భూమి, పాప, రేపెలా బతకాలన్న ప్రశ్న, అన్నీ అందులో సరిపోయాయి.

"పోయీముందు ఏటైనా సెప్పినారా అమ్మా?"

ఆ వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. "లేదమ్మా," అన్నాను.

ఆమె తలూపింది. ఇక అడగడానికి ఎవరూ లేరని మా ఇద్దరికీ తెలుసు. "సౌండు తీసీసి ఓపాలి సూపించండమ్మా," అంది.

చూపించాను. కాలువగట్టు మీద ఆవిడ మాట్లాడుతోంది. చెయ్యి వెనక్కి చాపింది. కెమెరా అటు తిరగలేదు. ఏదో అడిగింది. అడిగి ఆగి, జవాబు కోసం మాకేసే చూసింది. అప్పుడు గమనించాను, ఇన్నిసార్లు చూసి కూడా చూడనిది. చంకలో పాప కాలువకేసి చూడడంలేదు, కెమెరాకేసీ చూడడంలేదు. తలెత్తి, రెప్ప వెయ్యకుండా, తల్లి నోటికేసి చూస్తూ ప్రతి మాటా వింటోంది. అంతలో బొమ్మలో కాలువ తూము తలుపు ఎత్తారు, తెర నిండా నీళ్లు.

ఆ పాప నా పక్కనే కూర్చుని, నల్లబడిన వేలితో తెర నొక్కి, మళ్లీ మొదట్నుంచి వేసింది.