నూకమ్మ ఒక్కర్తే ఓటేస్తే

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఎండాకాలంలో జరిగిన ఎన్నికలకు నన్ను కళింగపట్నానికి అవతల ఒక మత్స్యకార గ్రామంలో ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. అప్పటికి నేను శ్రీముఖలింగం వైపు ఒక హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌ని. పోలింగ్ కేంద్రంలో ఆ ఒక్క రోజూ ప్రిసైడింగ్ ఆఫీసరు మాటే చెల్లుతుందని శిక్షణలో చెబుతారు. చెప్పడం వరకే.

ఆ ఊరికి కోపం వచ్చి ఉంది. సముద్రం ఏటా ఒడ్డును కోసుకుపోతోంది. రాళ్లకట్ట వేయిస్తామన్న నాయకులు ఓట్లకు తప్ప మళ్లీ కనబడలేదు. కులపెద్దలు కూర్చుని, ఈసారి ఊళ్లో ఒక్కరు కూడా ఓటు వేయకూడదని తీర్మానించారు.

పోలింగుకు ముందు పార్టీల ఏజెంట్ల ఎదుట ఉత్తుత్తి ఓట్లు వేసి, యంత్రాలు సరిగ్గా పనిచేస్తున్నాయని చూపించాలి. దాన్ని మాక్ పోల్ అంటారు. ఒక్క ఏజెంటూ రాలేదు. నిబంధన ప్రకారం పావుగంట చూసి, మా సిబ్బందే ఓట్లు వేసి, సరిచూసి, చెరిపేశారు. ఏడయింది, తొమ్మిదయింది. మా పనితీరు మీద నివేదిక పంపడానికి వచ్చిన మైక్రో అబ్జర్వరు, ఒక బ్యాంకు అధికారి, మూల కూర్చుని గంటగంటకూ సున్నా రాసుకుంటున్నాడు. ఆ సున్నా చూసినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

పదకొండింటికి నూకమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఎండుచేపలు అమ్ముకుంటుంది. గేటు దగ్గర గురువులు అనే కులపెద్ద అడ్డం నిలబడ్డాడు. ఆమె భర్తకు సొంత తమ్ముడే.

"వదినా, ఊరంతా ఒక మాట మీదున్నాది. నువ్వు తప్పితే ఏటి బాగుంతాది?"

"ఊరి మాట ఊరిదిరా. ఓటు నాది. తప్పుకో," అని ఆమె లోపలికి వచ్చేసింది.

మొదటి అధికారి జాబితాలో పేరు చూసి బిగ్గరగా చదివాడు. రెండో అధికారి వేలికి పెట్టడానికి సిరా సీసా మూత తీశాడు. అప్పుడు తట్టింది నాకు. లెక్కింపు రోజున ప్రతి కేంద్రం ఓట్లూ విడిగా లెక్కపెట్టి, విడిగా రాస్తారు. ఇక్కడ పడేది ఒక్క ఓటే అయితే, నూకమ్మ ఎవరికి వేసిందో ఆ సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆమెకు చేపలు ఇచ్చే పడవ యజమానిది ఒక పార్టీ. ఎండబెట్టుకోవడానికి జాగా ఇచ్చినవాడిది ఇంకో పార్టీ. ఎవరికి వేసినా రెండోవాడి దగ్గర ఆమె బతుకుతెరువు పోతుంది.

ఓటరుతో వేయమనీ అనకూడదు, వద్దనీ అనకూడదు. చెబితే తప్పు, చెప్పకపోతే పాపం. సిరా సీసా మీద చెయ్యి అడ్డం పెట్టి ఉన్నమాట చెప్పేశాను. మూల కూర్చున్నాయన కలం చకచకా కదిలింది.

నూకమ్మ అడిగింది. "ఎంతమంది ఏత్తే తెల్దు మేడమ్?"

లెక్క చెప్పలేనన్నాను. ఎంత ఎక్కువమంది అయితే అంత మంచిదన్నాను.

"అయితే తోడొచ్చేదాకా కూకుంతాను," అని వరండాలో కూర్చుంది. పోలింగు ఆరు గంటల వరకే. అప్పటికి వరుసలో ఉన్నవాళ్లకు చీటీలు ఇస్తారు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఓటు లేదు.

మూడింటికి గురువులు వచ్చి, ఎందుకు కూర్చున్నావని అడిగాడు. ఆమె చెప్పింది. అతను ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆగిపోయింది. "మనం గవర్నమెంటు మీద అలిగేం గానీ, నీ గుట్టు బజార్నెట్టడానికి కాదు గదా," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

నాలుగయింది, అయిదయింది. మనిషి జాడ లేదు. మంచినీళ్లు ఇచ్చినా నూకమ్మ తాగలేదు. అయిదుంపావుకు ఒకసారి లేచి గేటు వైపు చూసి మళ్లీ కూర్చుంది.

ఆరుకు పావుగంట ఉందనగా గురువులు పాతిక మందిని వెంటబెట్టుకొచ్చాడు. "అందరికీ సెప్పేను వదినా. ఎవులూ వద్దనే నోటా మీట నొక్కుతారు. మన కోపమూ తెలుస్తాది, నీ మాటా దాగుతాది."

కేంద్రం దగ్గర అలాంటి మాట చెల్లదని నేను కేకేశాను. నా కేక ఎవరూ వినలేదు. నూకమ్మ లేచింది.

"ఒరే, నీ బుర్రకి బూజట్టిందేటి? ఈలందరూ ఒకటే నొక్కితే, నేనింకోటి నొక్కినానంటే ఇడిగా తేలిపోదేటి?"

పాతికమందీ గురువులు నోటి వైపే చూస్తున్నారు. ఉదయం అన్న మాట ఒకసారి మార్చాడు. మళ్లీ మారిస్తే కులపెద్ద మాటకు విలువేముంటుంది? నా గడియారంలో ఇంకా ఆరు నిమిషాలు. చివరికి ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. "ఎవులికి నచ్చింది ఆలు నొక్కండి. నన్నడక్కండి."

ఆరు కొట్టగానే చీటీలు ఇచ్చాను. కొత్తవాళ్లు వెనక చేరకుండా, వరుసలో చివరి మనిషి నుంచి మొదలుపెట్టి ఇవ్వాలి. నూకమ్మ ముందు నిలబడలేదు, జనం మధ్యలో దూరింది. గురువులు మాత్రం ఓటు వెయ్యలేదు. గేటు అవతలే నిలబడి, అందరూ వేశాక ఇంటికి వెళ్లాడు.

ఓటరుతో అనవసర ప్రసంగం చేశానని తర్వాత నాకు మెమో వచ్చింది. సంజాయిషీలో జరిగింది జరిగినట్టు రాశాను. హెచ్చరికతో వదిలేశారు. లెక్కింపులో మా కేంద్రం ఓట్లు నలుగురు అభ్యర్థులకూ, నోటాకూ తలా కొన్ని పడ్డాయి. అందులో నూకమ్మది ఏదో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు.

ఓటు రహస్యాన్ని కాపాడేది యంత్రం చుట్టూ నిలబెట్టే అట్ట అనుకునేదాన్ని. ఆ పని అట్ట వల్ల కాదు. పక్కవాళ్లు కూడా వచ్చి, ఎవరి ఇష్టప్రకారం వాళ్లు వేస్తేనే ఒకరి ఓటు దాగుతుంది.