మందు కలిపిన బావి

కలరా రోజుల్లో ప్రభుత్వం ఊరూరికీ జీపులు పంపిందని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. జీపు వచ్చిన మాట నిజమే. యాభైల చివర, హిందూపురం నుంచి పరిగి దగ్గరి మా ఊరికి వచ్చి చావడి ముందు ఆగింది. ఊరి బయట మాదిగలం ఉండే వీధిని గేరి అంటారు. చావడి నుంచి కేకేస్తే మా గేరికి వినపడుతుంది. ఆ కాస్త దూరం జీపు రాలేదు, అందులో వచ్చినవాళ్లూ నడవలేదు.

మమ్మల్నే చావడి దగ్గరికి పిలిపించారు. ఊళ్లోవాళ్లందరికీ అయ్యాక, పొద్దు వాలే వేళకు మాకు సూదులు వేశారు. వేశారు, కాదనను. మా అమ్మ మాత్రం రాలేకపోయింది. ఆ పొద్దుటి నుంచే వాంతులు, బేదులు. నాయన ఎప్పుడో పోయాడు. అమ్మకు నేను, నాకు అమ్మ, అంతే.

"సార్, మా అమ్మ లేవలేకుండాది. హిందూపురం ఆసుపత్రికి పిల్చుకపోండి," అని హెల్త్ ఇన్‌స్పెక్టర్‌ను అడిగాను.

"జీపులో చోటు లేదు. నీళ్లు తాగిస్తూ ఉండు, అదే ముఖ్యం. వాగు నీళ్లు మాత్రం వద్దు, చచ్చిపోతుంది. ఊరి బావిలో మందు కలిపాం, ఆ నీళ్లే పట్టు," అన్నాడు.

మేము తాగేది వాగు ఇసుకలో తవ్వుకున్న చెలమ నీళ్లు. అందులోనూ కాస్త మందు వేయండని మా గేరి పెద్దమనిషి అడిగితే, గుంతల్లో వేసే రూలు లేదన్నాడు. ఊరి బావి మేము ముట్టకూడదని నేను చెప్పాను. "అయితే అడిగి పోయించుకోండి," అని జీపెక్కాడు. ఎంత తేలిగ్గా అన్నాడో.

పోయించుకోవడం అంటే బావికి దూరంగా కడవ పెట్టుకుని నిలబడడం. నీళ్లకు వచ్చిన ఊరి ఆడవాళ్లలో ఎవరికైనా మనసు పుడితే ఎత్తు నుంచి కడవలో పోస్తారు. లేకపోతే లేదు. వేసవిలో చెలమలు ఎండినప్పుడల్లా నేను అలా నిలబడి పెరిగినదాన్నే. మామూలు రోజుల్లోనే కాళ్లు పీకేవి. మర్నాడు పొద్దున్నే వెళ్లి నిలబడ్డాను. ఊరంతా తలుపులు బిగించుకుని ఉంది. నీళ్లకు వచ్చిన ఒకరిద్దరు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గబగబా పోయారు. చివరికి రెడ్డిగారింటి కోడలు వచ్చింది.

"ఒగ కడవ పొయ్యండమ్మా. మా అమ్మకు బాగలేదు."

"మీ ఇండ్లల్లో జబ్బు ఉండాది. ఈడ నిలబడొద్దు, పో," అంది. బిందె నింపుకుని తిరిగి చూడకుండా వెళ్లింది.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఇంట్లో అమ్మ నాలుక పిడచకట్టుకుపోతోంది. చచ్చిపోతుందన్నాడు కాబట్టి చెలమ నీళ్లు పోయడానికి చెయ్యి రాలేదు, తడిగుడ్డతో పెదాలు తుడిచానంతే. ఎదురుగా బావి, బొక్కెన, చేంతాడు. అంటరానితనం నేరమని చావడి గోడ మీద సున్నంతో రాసి కూడా ఉంది. నేను గట్టెక్కి చేదుకున్నాను. అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒకడు చూశాడు. "ఏమే, అంత కొవ్వా నీకు," అన్నాడు. కడవ నింపుకుని వచ్చేశాను.

అమ్మ తల ఒళ్లో పెట్టుకుని సత్తుగ్లాసు నోటి దగ్గర పెట్టాను. మందు వాసనకు అమ్మ కళ్లు తెరిచింది.

"యాడివే ఈ నీళ్లు?"

"ఊరి బాయివి."

"ఎవురు పోసిరి?"

"ఎవురూ పొయ్యలే. నేనే చేదుకొస్తి."

అమ్మ మొహం తిప్పేసుకుంది. "పారబొయ్. తెలిస్తే గేరినంతా తగలబెడతారు," అంది.

"నీకు దండం పెడతా, తాగుమ్మా."

పళ్లు బిగించింది. చేత్తో పోస్తే పెదాల పక్క నుంచి కారి నా చీర తడిసింది. నిన్నటి నుంచి నీళ్లు నీళ్లని కలవరించిన మనిషి. సాయంత్రానికి పోయింది.

మర్నాడు జీపు మళ్లీ వచ్చింది. నేను ముట్టానని ఊరి పెద్దలు కబురు పెడితే, బావిలో మరోసారి మందు వేయడానికి వచ్చారు. ఈసారి ఇన్‌స్పెక్టర్ మా గేరికి నడిచే వచ్చాడు, నన్ను తిట్టడానికి. అమ్మను పూడ్చి వచ్చి గుడిసె ముందు కూర్చుని ఉన్నాను.

"బుద్ధుందా నీకు? నీవల్ల ఊళ్లో ఎంత గొడవ. అడిగి పోయించుకోమన్నానా లేదా?"

"అడిగితి సార్, పొయ్యలేదు. నేను తెచ్చిస్తే మా అమ్మ తాగలేదు," అన్నాను.

ఆయన చెప్పులకంటిన మట్టి దులుపుకుని పోయాడు. ఆయన మీద, ఆ ఊరి మీద నాకున్న కోపం ఒక ఎత్తు. పళ్లు బిగించిన అమ్మ మీద కోపం ఒక ఎత్తు. గొంతెండి చస్తూ కూడా ఆమె చావుకు భయపడలేదు, ఊరికి భయపడింది.